మెడను చదివే చేతులు

మెడ మీద గడ్డ కనిపిస్తే ఇంట్లో ముందు వినబడే మాట "వేడి చేసిందిలే, అదే పోతుంది" అని. పైకి రాని మాట ఇంకొకటి ఉంటుంది. క్యాన్సరేమోనన్న భయం అది. ఆ భయమే మనిషిని ఆసుపత్రి గడప తొక్కనివ్వదు. నిజానికి మెడలో వచ్చే గడ్డల్లో చాలావాటితో ప్రాణభయం లేదు. కొన్నింటి విషయంలో మాత్రం గడిచిపోయే ఒక్కో నెలా విలువైనదే. ఏది ఏ కోవకు చెందుతుందో తేల్చడానికి వైద్యులు నూరేళ్ళకు పైగా సానబెట్టుకుంటూ వచ్చిన విద్య ఒకటుంది. పది వేళ్ళు, ఒక సన్నని సూది, కొన్ని గాజుపలకలు, ఒక సూక్ష్మదర్శిని, ఇవే దాని పనిముట్లు. వీలైనంత తక్కువ గాయంతో వీలైనంత ఎక్కువ నిజం రాబట్టాలన్నది దాని పట్టుదల. ఆ పనితనాన్ని దగ్గరగా పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

పుదుచ్చేరి బడి

ఈ విద్య గురించి చెప్పుకోవడానికి పుదుచ్చేరి తగిన చోటు. ఫ్రెంచివాళ్ళు 1823లో ఇక్కడ ఒక వైద్య పాఠశాల పెట్టారు. 1954 నవంబరు 1న పరిపాలన భారతదేశం చేతికి వచ్చింది. 1956లో ఆ పాఠశాల స్థానంలో ధన్వంతరి మెడికల్ కాలేజీ వచ్చింది, 1964లో అది జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ అయింది. జనం నోట జిప్‌మర్. 2008లో పార్లమెంటు చట్టం చేసి దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా ఇచ్చింది. టిండివనం వైపు వెళ్ళే దారిలో గోరిమేడు దగ్గర ఆ ఆసుపత్రి ముందు తెల్లవారకముందే ఓపీ చీటీల కోసం వరుస మొదలవుతుంది. విళుప్పురం, కడలూరు వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ వరుసలో ఎక్కువ. ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన మన యానాం ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరం. అయినా పెద్ద జబ్బు అనుమానం వస్తే ఈ గడపే దిక్కనుకున్న యానాం కుటుంబాలున్నాయి. 2024లో యానాంలోనే జిప్‌మర్ విభాగం ఒకటి ప్రారంభమైంది.

బోధనాసుపత్రిలో రోగికి కలిసివచ్చే సంగతి ఒకటుంది. అనుభవం పండిన చెయ్యి పక్కనే నేర్చుకుంటున్న చెయ్యి ఉంటుంది. నేర్పేటప్పుడు పెద్ద చెయ్యి ఏ మెట్టూ దాటవేయలేదు. మన దేశంలో ఎంబీబీఎస్ చివరి పరీక్షలో సర్జరీ విద్యార్థికి తరచుగా ఎదురయ్యే రోగి మెడగడ్డ రోగే. కోల్‌కతా సర్జన్ ఎస్. దాస్ రాసిన క్లినికల్ సర్జరీ పుస్తకం పట్టుకుని తరతరాల విద్యార్థులు ఆ పరీక్షకు తయారయ్యారు. స్కానింగు కాగితం చేతికి రాకముందే, వట్టి వేళ్ళతో, గడ్డ ఏమిటో చెప్పగలగడం ఆ పరీక్ష కోరే నేర్పు.

అడగడం, చూడడం, తాకడం

మంచి వైద్యులు గడ్డను ముందే ముట్టుకోరు. ముందు అడుగుతారు. ఎన్నాళ్ళయింది? పెరుగుతోందా, వచ్చి పోతోందా? నొప్పి ఉందా? సాయంత్రం పూట జ్వరం వస్తోందా? రాత్రి ఒళ్ళు తడిసేలా చెమట పడుతోందా? బట్టలు వదులయ్యాయా? గొంతు మారిందా? ముద్ద దిగడం కష్టంగా ఉందా? ఇంట్లో ఎవరికైనా టీబీ మందులు వాడారా? గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటుందా? ఈ చివరి ప్రశ్న మన ఉత్తరాంధ్ర తీరంలో మరీ ముఖ్యం. అక్కడి పెద్దవయసు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉంది. వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం వల్ల అంగిలిలో పుండ్లు, క్యాన్సర్లు వస్తాయని మన ప్రాంతపు వైద్యులే అధ్యయనాలు చేసి చూపించారు. నోట్లో పుట్టిన జబ్బు మొదటిసారి మెడలో గడ్డగా బయటపడడం తరచూ జరిగేదే. అందుకే మెడ చూసే డాక్టరు నోరు తెరవమంటారు, నాలుక ఎత్తమంటారు, టాన్సిల్స్ చూస్తారు, తలలో కురుపులున్నాయేమో వెంట్రుకలు పాయ తీసి చూస్తారు. గడ్డ మెడలో ఉన్నా కారణం పైన ఎక్కడో ఉండవచ్చునన్న ఎరుక ఆ చూపులో ఉంటుంది.

ఆ ఎరుక వెనక ఒక పటం ఉంది. మన ఒంట్లో లింఫ్ గ్రంథులు ఎనిమిది వందల దాకా ఉంటే, వాటిలో దాదాపు మూడు వందలు మెడలోనే ఉన్నాయని చెబుతారు. సర్జన్లు వాటిని ఒకటి నుంచి ఆరు వరకూ అంచెలుగా విభజించుకున్నారు. దవడ కింద ఉన్న మొదటి అంచె నోటికీ పళ్ళకూ కాపలా. చెవి కింద నుంచి మెడ పక్కగా దిగే రెండు, మూడు, నాలుగు అంచెలు గొంతుకూ స్వరపేటికకూ. మెడ వెనక పక్కనున్న అయిదోది తలచర్మానికీ ముక్కు వెనక భాగానికీ. గొంతు ముందున్న ఆరోది థైరాయిడ్‌కు. ఏ అంచెలో గ్రంథి వాచిందో తెలిస్తే జబ్బు ఇల్లెక్కడో సగం తెలిసినట్టే. ఎడమ కాలర్ ఎముక పై గుంటలో గట్టి గ్రంథి తగిలితే అనుభవజ్ఞుల చెయ్యి అక్కడితో ఆగకుండా పొట్ట మీదికి వెళుతుంది. కడుపులోని క్యాన్సర్ అక్కడ బయటపడవచ్చునని జర్మనీలో ఫిర్హో, ఫ్రాన్సులో ట్రాయిసియే పందొమ్మిదో శతాబ్దిలోనే గుర్తించారు. ఆ గ్రంథికి ఇప్పటికీ వాళ్ళ పేర్లే.

ఇక తాకడం. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలబడతారు. ఏ పక్క చూస్తున్నారో ఆ పక్కకు తలను కొంచెం వంచుతారు. బిగిసి ఉన్న కండరం అప్పుడు వదులవుతుంది, దాని చాటున దాగినది వేలికి అందుతుంది. నొక్కేది గోటి కొసతో కాదు, వేలి మెత్తతో. మామిడిపండు మాగిందో లేదో చేతిలో తిప్పి తెలుసుకునే అమ్మ వేళ్ళలో ఉండే తూకం ఆ వేళ్ళలోనూ ఉంటుంది: ఎక్కువ నొక్కితే నలుగుతుంది, తక్కువ నొక్కితే తెలియదు. గడ్డ ఎంత పెద్దది, అంచులున్నాయా, పైచర్మం జరుగుతోందా, కిందికి అంటుకుపోయిందా, వేడిగా ఉందా, లోపల ద్రవం కదులుతోందా? మెత్తగా, వేళ్ళ కింద నుంచి జారిపోయేది చాలావరకు కొవ్వుగడ్డ. రబ్బరులా సాగే తీరుతో, నొప్పి లేకుండా ఉన్న గ్రంథులు లింఫోమా అనుమానం కలిగిస్తాయి. రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్నది ఎక్కడి నుంచో పాకిన క్యాన్సర్ కావచ్చు. నాలుగైదు గ్రంథులు ఒకదానికొకటి అతుక్కుని గుత్తిగా తగిలితే, వాపు ఉన్నా వేడి లేకపోతే, మన దేశంలో మొదట తలచేది టీబీనే. పెద్దలు గండమాల అనేది అదే.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేవి గడ్డను కదిలించి నిజం చెప్పించే చిన్న చిన్న పరీక్షలు. గ్లాసుతో నీళ్ళు ఇచ్చి ఒక గుక్క మింగమంటారు. గుటకతో పాటు గడ్డ పైకి లేచి దిగితే అది థైరాయిడ్‌ది. ఆ గ్రంథి స్వరపేటికకు అతుక్కుని ఉంటుంది కనుక, మింగినప్పుడు స్వరపేటిక లేస్తే తానూ లేస్తుంది. నాలుక బయటికి చాపమంటారు. అప్పుడు కూడా లేస్తే, పిండదశలో థైరాయిడ్ నాలుక మొదలు నుంచి మెడలోకి దిగివచ్చిన దారిలో మిగిలిపోయిన తిత్తి అది. గడ్డం కింద చెయ్యి అడ్డం పెట్టి తల తిప్పమంటారు. మెడ పక్క కండరం బిగుసుకున్నాక గడ్డ మాయమైతే అది కండరం కింద ఉన్నట్టు, తేలితే పైన ఉన్నట్టు. చీకటి గదిలో పసిబిడ్డ మెడవాపు మీద టార్చి పెడతారు. లోపల దీపం వెలిగినట్టు కనిపిస్తే అది లింఫ్ ద్రవంతో నిండిన పుట్టుతిత్తి. పక్కలకు కదిలి, పైకీ కిందికీ కదలని గడ్డలో నాడి కొట్టుకుంటుంటే చెయ్యి వెనక్కి తీస్తారు. అది మెదడుకు రక్తం తీసుకువెళ్ళే ధమని చీలికలో పుట్టినది కావచ్చు, దానికి ముక్క పరీక్ష చేయకూడదు. స్ట్రాస్‌బూర్ సర్జన్ రెనె ఫోంటేన్ పేరు మీద ఉన్న గుర్తు ఇది. నోటిలోపల ఒక వేలు, దవడ కింద ఇంకో చెయ్యి పెట్టి లాలాజల గ్రంథిని మధ్యన పట్టి చూస్తారు. తినేటప్పుడే ఉబ్బి, తర్వాత తగ్గే వాపుకు కారణమైన చిన్న రాయి అప్పుడు దొరుకుతుంది.

ఇందులో ఒక్క పరీక్షకూ రూపాయి ఖర్చు లేదు, రోగి ఒంటికి గీత పడదు. అయినా అయిదు నిమిషాల్లో వందలాది అవకాశాలు మూడు నాలుగుకు దిగివస్తాయి. తర్వాత ఏ పరీక్ష కావాలో, ఏది అక్కర్లేదో ఆ మూడు నాలుగే చెబుతాయి. థైరాయిడ్ అయితే రక్తంలో హార్మోను పరీక్ష, అల్ట్రాసౌండ్. నోరు, గొంతు అనుమానమైతే ఈఎన్‌టీ డాక్టరు సన్నని గొట్టంతో గొంతులోపల చూడడం. ఆ తర్వాతనే సూది.

సూది వెళ్ళి వచ్చే దారి

సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూడడం 1930 నాటికి న్యూయార్కు మెమోరియల్ ఆసుపత్రిలో ఒక పద్ధతిగా రూపు దిద్దుకుంది. తల, మెడ శస్త్రచికిత్సలో దిట్ట అయిన హేస్ మార్టిన్, అక్కడి ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు ఎడ్వర్డ్ ఎల్లిస్ కలిసి ఆ ఏడాది దాన్ని ప్రచురించారు. ఒక సర్జన్, ఒక టెక్నీషియన్ సమానంగా పేరు పెట్టుకున్న ఆ ప్రచురణ ఈ విద్య స్వభావాన్ని మొదటే చెప్పింది: లాగే చెయ్యి ఎంత ముఖ్యమో, పరిచే చెయ్యీ అంతే. వాళ్ళు వాడినది లావుపాటి 18 నంబరు సూది, వెలుపలి మందం మిల్లీమీటరుకు పైనే. తర్వాత స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కాలో సిక్స్‌టెన్ ఫ్రాన్‌జెన్ బృందం సన్న సూదులకు మారి, ఒంటి చేత్తో సిరంజి లాగగల పిడిని తయారుచేసింది. రెండో చెయ్యి గడ్డను కదలకుండా పట్టుకోవడానికి ఖాళీ అయింది. 1980లలో పారిస్ క్యూరీ సంస్థలో జాయ్‌దెలా బృందం అసలు లాగడమే మానేసింది. సన్నని సూదిని గడ్డలో ముందుకూ వెనక్కూ కదిపితే చాలు, కణాలు వాటంతట అవే బోలులోకి ఎక్కుతాయని చూపింది. థైరాయిడ్‌లాంటి రక్తం ఎక్కువగా ఉన్న చోట ఆ పద్ధతితో నమూనాలో రక్తం తక్కువ, కణాలు ఎక్కువ.

ఇప్పుడు వాడేవి సాధారణంగా 22 నుంచి 25 నంబరు సూదులు. 25 నంబరు సూది మందం అర మిల్లీమీటరు. జ్వరానికి వేయించుకునే ఇంజెక్షన్ సూది దీనికన్నా సన్నగా ఏమీ ఉండదు. చాలాసార్లు మత్తు మందు కూడా అక్కర్లేదు. ఎడమ చేతి రెండు వేళ్ళ మధ్య గడ్డను నిలిపి, కుడి చేత్తో సూది దించి, ఒకే గడ్డలో దిశ మార్చి మార్చి కొన్ని సెకన్లు కదుపుతారు. సూది బయటికి తీసే ముందు పిస్టను వదిలేయాలి. మరిచిపోతే సంపాదించిన కణాలన్నీ సిరంజిలోకి ఎగిరిపోయి గాజుపలక మీదికి రావు. మింగవద్దని రోగికి ముందే చెబుతారు, సూది లోపల ఉండగా థైరాయిడ్ లేవకూడదు కదా. తీశాక అయిదు నిమిషాలు నొక్కి పట్టమంటారు. పని అయిపోయింది.

చీము నిండిన టీబీ గడ్డ దగ్గర ఈ నేర్పు ఇంకా సూక్ష్మం. గడ్డ అట్టడుగున, చర్మం పలచబడిన చోట గుచ్చితే ఆ రంధ్రం మానక నెలల తరబడి కారుతుంది. అందుకని పై వైపు నుంచి, ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా, ఏటవాలుగా సూది దించుతారు. సూది తీశాక పొరలు ఒకదాని మీదొకటి జరిగి దారి మూసుకుపోతుంది. కత్తి పెట్టి గాటు వేయకూడదన్న నియమం వెనక ఉన్నది ఇదే. పల్లెల్లో ఎవరో కోసి చీము తీసిన గండమాలలు ఏళ్ళ తరబడి పుండ్లుగా మిగిలిపోయేవి.

"సూది గుచ్చితే క్యాన్సర్ కదిలి పాకుతుంది" అన్న మాట మన ఊళ్ళలో ఇంకా బలంగా ఉంది. సన్న సూది దారి వెంట క్యాన్సర్ మొలకెత్తడం మహా అరుదు. దానికి భయపడి పరీక్ష మానుకుంటే జబ్బు పాకడానికి మనమే సమయం ఇచ్చినట్టు.

గాజుపలక మీద

సూదిలోకి వచ్చేది కంటికి చుక్కంత. దాన్ని ఒక గాజుపలక అంచున వదిలి, ఇంకో పలకను మీద ఆనించి ఒక్క ఊపులో జరుపుతారు. బరువు ఎక్కువైతే కణాలు చితికి దారాలుగా సాగుతాయి, తక్కువైతే కుప్పగా మిగిలి రంగు పట్టవు. కొన్ని పలకలను ఆరకముందే, క్షణాల్లో, 95 శాతం ఆల్కహాలులో ముంచుతారు. వాటికి పాపనికొలావ్ రంగులు. కేంద్రకం లోపలి నేత వాటిలో స్పష్టంగా కనబడుతుంది. కొన్నింటిని గాలికి ఆరబెడతారు. వాటికి గీమ్జా రంగు. కణం ఒంటి తీరు, దాని చుట్టూ ఉన్న పదార్థం అందులో తేలుతాయి. ఒకే చుక్కను రెండు రకాలుగా చూసుకునే ఈ జాగ్రత్త నాకెంతో ఇష్టం.

తర్వాత పెథాలజిస్టు కళ్ళు. చిన్న, మధ్యస్థ, పెద్ద లింఫ్ కణాలన్నీ కలగలిసి ఉంటే అది ఏదో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడుతున్న మామూలు గ్రంథి. ఒకే రకం కణాలు బారులు తీరితే లింఫోమా అనుమానం. రెండు కేంద్రకాలతో గుడ్లగూబ కళ్ళలా కనిపించే రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణం హాడ్జ్‌కిన్ జబ్బుకు ముద్ర. ఎపిథీలియాయిడ్ కణాల గుంపులు, గుర్రపునాడా ఆకారంలో కేంద్రకాలు పేర్చుకున్న లాంగ్‌హాన్స్ రాక్షసకణాలు, చుట్టూ నిర్జీవ పదార్థం ఉంటే టీబీ. అప్పుడు జీల్-నీల్సన్ రంగు వేసి ఎర్రని బాసిల్లస్ కోసం వెతుకుతారు. 1882లో రాబర్ట్ కాక్ కనుగొన్న క్రిమి అదే. థైరాయిడ్ కేంద్రకాల మీద గాడి, లోపల బుడగలాంటి మచ్చ ఉంటే పాపిలరీ క్యాన్సర్.

ఈ పనితనానికి తన హద్దు తెలుసు. దాన్ని గౌరవించడానికి నాకు అదొక కారణం. థైరాయిడ్ ఫాలిక్యులర్ గడ్డ మంచిదో చెడ్డదో సూదితో తేలదు. గడ్డ తన తొడుగును చీల్చుకుని బయటికి వచ్చిందా అన్నదే అక్కడ ప్రశ్న, విడివిడి కణాల్లో తొడుగు కనబడదు. లింఫోమా అనుమానమైతే దాని రకం తేల్చడానికి గ్రంథినో, దాని ముక్కనో తీయక తప్పదు. థైరాయిడ్ సూది నివేదికలు ఏ ఊరు డాక్టరు చదివినా ఒకే అర్థం వచ్చేలా 2007లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు కూడి ఆరు వర్గాలు ఏర్పరిచారు. మొదటిది "చాలినంత నమూనా రాలేదు", రెండోది "నిరపాయం", ఆరోది "క్యాన్సర్". మధ్యలో మూడు మెట్లు సందేహానివి. తెలియనిదాన్ని తెలియదని ఒక వర్గంగా రాసుకునే ఆ నిజాయితీ రోగిని అనవసరపు ఆపరేషన్ నుంచీ అనవసరపు ధీమా నుంచీ కాపాడుతుంది.

టీబీ విషయంలో ఇప్పుడు సూది చుక్కకు ఇంకో తోడు దొరికింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లో క్రిమి జన్యువును పట్టి, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. గోరిమేడులోనే ఉన్న ఛాతీ వ్యాధుల ప్రభుత్వ ఆసుపత్రి ఈ ప్రాంతపు టీబీ రోగులకు పెద్ద అండ. మెడ గ్రంథుల టీబీకి మామూలుగా ఆరు నెలల మందులు, దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకపోతే ఇది పక్కవాళ్ళకు అంటుకోదు. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు. మందులు వాడుతుండగా గ్రంథి కొన్నాళ్ళు ఇంకా ఉబ్బవచ్చు. మందు పనిచేయడం లేదని మానేయకూడదు, డాక్టరుకు చూపించాలి.

కత్తి పట్టక తప్పనప్పుడు

ఇంత వడపోత తర్వాత కూడా కొన్ని గడ్డలకు ఆపరేషనే దారి. అక్కడి చేతిపని గొప్పది తీసిన గడ్డ వల్ల కాదు, వదిలిన వాటి వల్ల. థైరాయిడ్ వెనకనే స్వరతంత్రులను కదిలించే నరం దారంలా పాకుతుంది. అది తెగితే గొంతు పోతుంది. గ్రంథి వెనక పప్పుబద్దంత పారాథైరాయిడ్లు సాధారణంగా నాలుగుంటాయి. వాటి రక్తనాళం నలిగినా కాల్షియం పడిపోయి పెదాలు తిమ్మిరెక్కుతాయి, వేళ్ళు వంకర్లు పోతాయి. స్విట్జర్లాండ్ సర్జన్ థియోడోర్ కోఖర్ రక్తం చిందకుండా, పొర తర్వాత పొర విడదీస్తూ అయిదు వేలకు పైగా థైరాయిడ్ ఆపరేషన్లు చేసి, మరణాలను నూటికి ఒకటి కంటే దిగువకు తెచ్చాడు. గ్రంథి మొత్తం తీసిన రోగులు తర్వాత మందగించిపోతున్నారని గమనించి 1883లో దాన్ని తానే ప్రకటించాడు, తన పద్ధతి మార్చుకున్నాడు. 1909లో ఆయనకు నోబెల్ వచ్చింది. మెడలో సహజంగా ఉండే ముడతలోనే గాటు పెట్టి, ఏడాది తిరిగేసరికి మచ్చ ఆనవాలు పట్టలేనంతగా కలిసిపోయేలా చేసే నేటి సర్జన్లు ఆ బాటలోని వాళ్ళే.

ఏ చెయ్యీ తాకకుండా

గడ్డ రాకుండానే ఆపిన పనితనాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి, అది మన తెలుగువాడిది. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి పెథాలజిస్టు. హిమాలయ పాదంలో కాంగ్రా లోయలో పదిమందిలో ముగ్గురు నలుగురికి మెడ ముందు గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, ఉండేది. నేలలో, నీటిలో అయొడిన్ లేకపోవడమే కారణమా? 1956లో ఆయన బృందం లక్ష మంది దాకా ఉన్న ఆ లోయను మూడు ప్రాంతాలుగా విభజించింది. ఒకదానికి పొటాషియం అయొడైడ్ కలిపిన ఉప్పు, ఇంకోదానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళకు మొదటి రెండు ప్రాంతాల్లో గాయిటర్లు బాగా తగ్గాయి, మూడోదానిలో తగ్గలేదు. తర్వాత అక్కడికీ అయొడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గాయి. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆధారం ఈ పనే. ఒక లోయలోని ఎన్నో మెడలను కత్తి, సూది లేకుండా ఉప్పుతో బాగుచేసిన ఆయన తర్వాత ఎయిమ్స్‌కు, భారత వైద్య పరిశోధన మండలికి సారథి అయ్యాడు. గాజుపలక మీద చూసిన జబ్బును వంటింటి దాకా వెంబడించిన ఆ పట్టుదలకు నేను నమస్కరిస్తాను.

మన వంతు

ఇంత నేర్పు ఉన్నా, రోగి రాకపోతే అది చేయగలిగింది లేదు. అందుకని ఎప్పుడు వెళ్ళాలో స్పష్టంగా చెబుతాను.

పసిపిల్లల మెడలో శనగగింజంత బిళ్ళలు తగలడం సాధారణం. జలుబు, గొంతునొప్పి, తలలో కురుపులు, పేలు వీటికి కారణాలు. ఒక సెంటీమీటరు లోపు, మెత్తగా, కదులుతూ ఉంటే, బిడ్డ ఆడుకుంటూ ఉంటే, గమనిస్తే చాలు. జ్వరంతో చెవి ముందూ కిందా వాచే గవదబిళ్ళలు వారం పది రోజుల్లో తగ్గుతాయి. పిప్పిపన్ను వల్ల దవడ కింద వాచిన గ్రంథి పన్ను బాగుచేయించుకుంటే దిగుతుంది.

పెద్దవాళ్ళలో రెండు వారాలు దాటినా తగ్గని గడ్డ, ఎప్పుడు వచ్చిందో గుర్తే లేని గడ్డ, ఒకటిన్నర సెంటీమీటరు మించినది, గట్టిగా కదలకుండా ఉన్నది, పైచర్మం పుండు పడ్డది, వీటిలో ఏదున్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నొప్పి లేదని ధీమా పడకండి. ప్రమాదకరమైన గడ్డలు చాలావరకు మొదట్లో నొప్పి పెట్టవు. గొంతు బొంగురు మూడు వారాలైనా పోకపోవడం, మింగడం కష్టం కావడం, నోట్లో మానని పుండు, ఒకే చెవిలో కారణం లేని నొప్పి, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, కాలర్ ఎముక పైన గడ్డ, ఇవి తోడైతే ఇంకా త్వరగా వెళ్ళాలి. నలభై దాటినవాళ్ళు, పొగాకు అలవాటున్నవాళ్ళు అసలు వాయిదా వేయవద్దు. థైరాయిడ్ గడ్డల్లో పదింట తొమ్మిది దాకా నిరపాయమైనవే, కానీ ఆ మాట పరీక్ష చేశాక డాక్టరు చెప్పాలి, మనకు మనం చెప్పుకోకూడదు.

ఊపిరి ఆడకపోయినా, శ్వాసలో ఈల శబ్దం వచ్చినా, జ్వరంతో నోరు తెరవలేక చొంగ కారుతున్నా, నాలుక కింద భాగం ఉబ్బి పైకి లేచినా అది అత్యవసరం. అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మందుల షాపులో యాంటీబయాటిక్స్ కొని వాడుతూ నెలలు గడపడం, పసరు కట్టడం, కాల్చి వాత పెట్టించడం, ఎవరితోనో కోయించడం, ఈ నాలుగూ జబ్బు కన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి. డాక్టరు ఒక విడత మందు ఇస్తే వాడి, రెండు వారాల్లో గడ్డ పోకపోతే తిరిగి వెళ్ళాలి. సూది పరీక్ష అయ్యాక నివేదికను దాచుకోండి. ఇంకో ఆసుపత్రికి పంపితే గాజుపలకలను కూడా అడిగి తీసుకెళ్ళండి, అక్కడి పెథాలజిస్టు కూడా స్వయంగా చూసి చెప్పగలరు. పుదుచ్చేరిలో జిప్‌మర్, భారతి పార్కు దగ్గరి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, కదిర్‌కామంలోని ఇందిరాగాంధీ వైద్య కళాశాల ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో బోధనాసుపత్రి ఉన్న ప్రతి పట్టణంలో ఈఎన్‌టీ, సర్జరీ ఓపీలు ఉన్నాయి.

మెడగడ్డ విషయంలో అన్నిటికన్నా గొప్ప పనితనం కోయాలో వద్దో సరిగ్గా తేల్చడం. వేళ్ళూ సూదీ గాజుపలకా కలిసి ఆ తీర్పు ఇస్తాయి, అది ఎంత ముందుగా వస్తే చికిత్స అంత చిన్నదవుతుంది. మీ ఇంట్లో ఎవరి మెడ మీదైనా రెండు వారాలు దాటిన గడ్డ ఉంటే, రేపు పొద్దున్నే ఓపీ చీటీ రాయించండి.